డ్రోన్లు - వన్యపక్షుల రక్షణ

అభిరుచి కొరకు, ఛాయాచిత్రముల కొరకు ఎగురవేసే చిన్న డ్రోన్ల వలన వన్యపక్షులకు హాని కలుగకుండా పాటించవలసిన పద్ధతులు, వాటి వెనుక ఉన్న కారణములు, వాటికి సంబంధించిన చట్టములు ఈ వ్యాసములో వివరించబడినవి. డ్రోన్ తగిలి పక్షి గాయపడుట అరుదుగా జరిగే విషయము. అంతకంటె తరచుగా జరిగే హాని వేరొకటి ఉన్నది. డ్రోన్‌ను చూసి బెదరిన తల్లి పక్షి గూడు విడిచి లేచిపోవును. అది తిరిగి వచ్చే లోపల గుడ్లు ఎండకు పాడగుట గాని, కాకుల పాలగుట గాని జరుగును. ఈ నష్టము డ్రోన్ ఎగురవేసే వ్యక్తికి చాలా సందర్భములలో కనిపించదు. కనుక పక్షి ఎగిరిన తరువాత కాక, ఎగరక ముందే డ్రోన్‌ను వెనుకకు మళ్ళించుట ఈ విషయములో మూలసూత్రము.

నేపథ్యం

భారతదేశములో చిన్న డ్రోన్ల వాడకము 2021 తరువాత త్వరగా విస్తరించినది. ఆంధ్రప్రదేశ్‌లో పొలములకు మందు పిచికారీ చేయుటకు, భూముల సర్వేకు, పెళ్ళిళ్ళ వీడియోలకు డ్రోన్లను వాడుచున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలు విజయవాడను ముంచెత్తినపుడు, పడవలు చేరలేని ఇండ్లకు ఆహారము, నీరు డ్రోన్ల ద్వారా అందించబడినవి. అదే సంవత్సరము అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లతో ప్రదర్శన జరిగినది. ఇటువంటి సంఘటనల వలన విద్యార్థులలోను, యువకులలోను డ్రోన్ల పట్ల ఆసక్తి పెరిగినది.

డ్రోన్లతో పక్షులకు మేలు కూడ కలదు. మనుషులు గూళ్ళ దగ్గరకు నడచి వెళ్ళి లెక్కించుటకు బదులు, తగిన ఎత్తు నుండి తీసిన చిత్రములతో పక్షులను లెక్కించవచ్చును. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వద్ద సముద్రపు ఒడ్డున ప్లాస్టిక్ బాతులను అమర్చి శాస్త్రవేత్తలు ఒక పరీక్ష నిర్వహించిరి. నేలపై నుండి మనుషులు చేసిన లెక్క కంటె డ్రోన్ చిత్రముల ద్వారా చేసిన లెక్క 43 నుండి 96 శాతము వరకు ఎక్కువ ఖచ్చితముగా ఉన్నట్లు 2018లో ప్రకటించిరి. కనుక సమస్య యంత్రములో లేదు. దానిని ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరములో ఎగురవేయుచున్నారు అనుదానిలోనే ఉన్నది.

పక్షి డ్రోన్‌ను ఎట్లు చూచును

ఆకాశము నుండి దిగి వచ్చే వస్తువు పక్షికి వేటగానితో సమానము. గద్దలు, డేగలు పై నుండియే దాడి చేయును గనుక, నెత్తి మీదికి వచ్చే ఆకారమునకు బెదరుట పక్షులకు పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. దీనికి తోడు డ్రోన్ రెక్కల చప్పుడు ఉన్నది. పక్షుల చెవులు సుమారు 1 నుండి 4 కిలోహెర్ట్జ్ మధ్య ధ్వనులను బాగుగా గ్రహించును. డ్రోన్ రొదలో కొంత భాగము ఈ పరిధిలోనికి వచ్చును.

ఫ్రాన్సులో శాస్త్రవేత్తలు మల్లార్డ్ బాతులు, ఫ్లెమింగోలు, గ్రీన్‌షాంక్ ఉల్లంకుల వద్దకు ఒక చిన్న డ్రోన్‌ను 204 సార్లు పంపి పరిశీలించిరి. 2015లో ప్రకటించిన వారి ఫలితముల ప్రకారము, 80 శాతము సందర్భములలో డ్రోన్ 4 మీటర్ల దూరమునకు వచ్చినను పక్షుల ప్రవర్తనలో పైకి కనిపించే మార్పు లేదు. డ్రోన్ రంగు, వేగము పెద్దగా ప్రభావము చూపలేదు. కాని నిలువుగా పై నుండి దించినపుడు మాత్రము పక్షులు ఎక్కువగా స్పందించినవి. డ్రోన్‌ను పక్షులకు 100 మీటర్ల కంటె ఎక్కువ దూరము నుండి లేపవలెననియు, వాటి పైకి నిలువుగా దించరాదనియు ఆ శాస్త్రవేత్తలు సూచించిరి.

ఈ ఫలితమును చదివి 4 మీటర్ల వరకు వెళ్ళవచ్చునని భావించుట పొరపాటు. ఆ పరీక్ష మూడు జాతుల మీద మాత్రమే జరిగినది. అంతేగాక, కదలకుండా ఉన్న జంతువు బెదరలేదని చెప్పలేము. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకు గుండె స్పందనను కొలిచే పరికరములు అమర్చి, వాటి పైగా డ్రోన్లు ఎగురవేసిరి. చాలా సందర్భములలో ఎలుగులు ఉన్న చోటనే ఉన్నవి. కాని వాటి గుండె వేగము పెరిగినది. ఒక ఎలుగులో ఇది నిమిషానికి 123 సార్లు పెరిగినట్లు 2015లో ప్రకటించిన ఆ పరిశోధన తెలిపినది. పక్షుల విషయములోను బయటికి కనిపించే ప్రశాంతతను అంగీకారముగా భావించరాదు.

గూడు విడిచిన కొద్ది నిమిషములలో ఏమి జరుగును

గుంపులుగా గూళ్ళు కట్టే పక్షులలో ఒకటి లేచిన వెంటనే ప్రక్కనున్నవి కూడ లేచును. పెద్ద పక్షులు తొందరపాటుగా లేచునపుడు గుడ్లు, చిన్న పిల్లలు గూటి నుండి జారి పడవచ్చును. గూడు ఖాళీ అయిన వెంటనే కాకులు, గద్దలు దిగును. ఇవి మనుషుల సందడికి అలవాటు పడినవి గనుక డ్రోన్‌కు అంతగా భయపడవు. మధ్యాహ్నపు ఎండలో తల్లి పక్షి రెక్కలు చాచి పిల్లలకు నీడ కల్పించును. ఆ నీడ తొలగిన కొద్ది సేపటికే ఈకలు రాని పిల్లలు ప్రాణాపాయ స్థితికి చేరవచ్చును.

ఇట్టి నష్టమునకు అమెరికాలోని ఒక సంఘటన ఉదాహరణగా చెప్పబడుచున్నది. 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత ప్రాంతములో, నిషేధమున్నను ఎగురవేసిన ఒక డ్రోన్ గూళ్ళున్న ఇసుక దిబ్బపై పడినది. సుమారు 3,000 ఎలిగెంట్ టెర్న్ పక్షులు భయపడి ఆ దిబ్బను విడిచి వెళ్ళి, మరల తిరిగి రాలేదు. సుమారు 1,500 గుడ్లు పొదగబడకుండా మిగిలిపోయినవి. డ్రోన్ ఏ పక్షికిని తగులనవసరము లేకుండనే ఒక ఋతువు సంతానమంతయు నశించినది.

తిరువూరు ప్రాంతం

తిరువూరు పట్టణము 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు సమీపములో, విజయవాడ - జగదల్‌పూర్ జాతీయ రహదారిపై ఉన్నది. జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కృష్ణా జిల్లాలో ఉండెడిది. చుట్టుప్రక్కల మామిడి తోటలు, వరి, ప్రత్తి పొలములు, ఊర చెరువులు, కట్టలేరు వంటి వాగులు కలవు. ఇచ్చట ప్రకటిత పక్షి సంరక్షణ కేంద్రము లేదు గనుక పక్షుల సమస్య లేదని కొందరు భావింతురు. కాని చెరువు గట్టు, తాటి తోపు, దున్నిన చేను కూడ గూళ్ళుండే స్థలములే. ఇచ్చటి సాధారణ పక్షులు గూళ్ళు పెట్టే కాలములు స్థూలముగా ఇట్లున్నవి:

- తీతువు: మార్చి నుండి ఆగష్టు వరకు. గూడు అనదగినది ఏమియు ఉండదు. చెరువు గట్టున, రాళ్ళ నేలలో, దున్నిన చేలో నేల మీదనే గుడ్లు పెట్టును. గుడ్లు మట్టి రంగులో ఉండుట వలన సులభముగా కనబడవు. డ్రోన్ లేపుటకు ఎంచుకొనే చదునైన ఖాళీ స్థలము తరచుగా తీతువు గూడు కూడ అయి ఉండును.
- కాకి: వేసవిలో, వానలకు ముందు. గూటి చెట్టు దగ్గరకు వచ్చిన దేనినైనను గుంపుగా తరుమును.
- పసుల పోలిగాడు: వేసవి నుండి వానల మొదలు వరకు. చిన్న పక్షియైనను తన గూటి దరికి వచ్చిన గద్దను సైతము తరిమికొట్టును. డ్రోన్‌ను కూడ విడువదు.
- గిజిగాడు: వానాకాలము. తాటి, ఈత చెట్లకు, బావుల పైకి వంగిన కొమ్మలకు గూళ్ళు వ్రేలాడును. డ్రోన్ రెక్కల గాలికి ఈ గూళ్ళు ఊగిపోవును.
- తెల్ల కొంగలు, నీటికాకులు: వానలతో మొదలు. చెరువులలోని తుమ్మ చెట్లపైన, ఊరి నడుమ చింత, రావి చెట్లపైన గుంపులుగా గూళ్ళు కట్టును.
- గద్ద: శీతాకాలము. ఎత్తైన చెట్లపై, టవర్లపై గూడు కట్టును. గూడున్న కాలములో డ్రోన్లపై దాడి చేసే పక్షులలో ఇది ముఖ్యమైనది.

ఈ పట్టికను బట్టి సంవత్సరములో గూళ్ళు లేని నెల అంటూ ఉండదని తెలియుచున్నది. కనుక కాలమును బట్టి కాక, ప్రతిసారి స్థలమును పరిశీలించియే ఎగురవేయవలెను.

సమీప పక్షి కేంద్రాలు

తిరువూరుకు ఆగ్నేయ దిశలో, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నది. ఇందులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతము 1999లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించబడినది. 2002లో ఈ సరస్సు రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల జాబితాలో చేరినది. కైకలూరు సమీపములోని ఆటపాక వద్ద గూడబాతులు (పెలికాన్లు), రంగుల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) శీతాకాలములో పెద్ద సంఖ్యలో గూళ్ళు పెట్టును. గూడబాతు గుడ్లు పొదుగుటకు సుమారు నెల రోజులు పట్టును. ఆ తరువాత పిల్లలు ఎగురుటకు మరి కొన్ని నెలలు పట్టును. అనగా ఒక చిన్న బెదురు ఒక ఋతువు శ్రమను వృథా చేయగలదు.

గుంటూరు సమీపములోని ఉప్పలపాడు చెరువు, దొరవారిసత్రం మండలములోని నేలపట్టు, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం కూడ గూడబాతులు, రంగుల కొంగలు గూళ్ళు పెట్టే ప్రసిద్ధ స్థలములు. ఉప్పలపాడు, తేలినీలాపురములలో పక్షులు మనుషుల నివాసముల ప్రక్కనే ఉండుట విశేషము. గ్రామస్థులు వాటిని బెదరగొట్టకుండుట వలననే ఇవి ఏటేటా అక్కడికి వచ్చుచున్నవి. మనుషులకు అలవాటు పడిన పక్షులు డ్రోన్‌కు కూడ అలవాటు పడినవని అనుకొనరాదు. నేల మీద నడిచే మనిషి వేరు, నెత్తి మీద తిరిగే యంత్రము వేరు.

చట్టాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972: ఈ చట్టములో "వేట" అను పదమునకు ఇచ్చిన నిర్వచనము విశాలమైనది. పక్షుల గుడ్లను పాడుచేయుట మాత్రమే గాక, గుడ్లను గాని గూళ్ళను గాని కలవరపరచుట కూడ వేట క్రిందికే వచ్చును. చంపవలెనను ఉద్దేశము లేకున్నను గూళ్ళను చెదరగొట్టుట నేరము కాగలదు. సంరక్షణ కేంద్రములలో ప్రవేశమునకు, ఛాయాచిత్రములు తీయుటకు అటవీ శాఖ అనుమతి అవసరము. 2022 నాటి సవరణ ద్వారా సాధారణ ఉల్లంఘనలకు జరిమానా పరిమితి 25,000 రూపాయల నుండి 1,00,000 రూపాయలకు పెంచబడినది.

డ్రోన్ నియమములు, 2021: ఇవి 2021 ఆగష్టు 25న ప్రకటించబడినవి. బరువును బట్టి డ్రోన్లు ఈ విధముగా విభజించబడినవి: 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. నానో డ్రోన్లకు, వ్యాపారమునకు కాక ఉపయోగించే మైక్రో డ్రోన్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరము లేదు. గగనతలము ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలములుగా విభజించబడినది. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల (120 మీటర్ల) ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండ ఎగురవేయవచ్చును. ఎరుపు మండలములో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఎగురవేయుటకు ముందు డిజిటల్ స్కై పటములో ఆ స్థలము ఏ మండలములో ఉన్నదో చూచుకొనవలెను.

ఈ రెండు చట్టములు వేరు వేరని గుర్తుంచుకొనవలెను. పటములో ఆకుపచ్చగా ఉన్న చోటు విమానములకు సంబంధించినంత వరకే అనుకూలము; అక్కడ గూళ్ళు లేవని ఆ రంగు చెప్పదు. అట్లే 249 గ్రాముల డ్రోన్‌కు నియమములలో వెసులుబాటు ఉన్నను, పక్షికి దాని బరువు తెలియదు. ఆకారము, చప్పుడు మాత్రమే తెలియును.

పాటించవలసిన పద్ధతులు

ఎగురవేయుటకు ముందు
- డ్రోన్‌ను పెట్టె నుండి తీయక మునుపు పది నిమిషములు ఆకాశమును, చెట్లను గమనించవలెను. ఒకే చెట్టుకు మాటిమాటికి పుల్లలతోనో, మేతతోనో వచ్చిపోయే పక్షులున్నచో అక్కడ గూడున్నట్లే.
- నేలపై తీతువు అరచుచు చుట్టూ తిరుగుచున్నచో గుడ్లు సమీపములో ఉన్నవని అర్థము. వచ్చిన దారినే వెనుకకు నడచి, వేరొక చోటు చూచుకొనవలెను.
- పక్షుల గుంపునకు 100 మీటర్ల కంటె ఎక్కువ దూరములో డ్రోన్‌ను లేపవలెను. గూళ్ళ గుంపులున్న చోట ఈ దూరము కూడ చాలదు. అట్టి చోట ఎగురవేయకుండుటయే ఉత్తమము.
- సంకేతము తెగినపుడు డ్రోన్ తనంతట తాను బయలుదేరిన చోటికి నేరుగా తిరిగి వచ్చును. ఆ నేరు దారిలో గూళ్ళ చెట్లు, చెరువు లేకుండునట్లు నిలబడే చోటును ఎంచుకొనవలెను. తిరుగు ప్రయాణపు ఎత్తును చుట్టూ ఉన్న చెట్ల కంటె ఎక్కువగా ముందే అమర్చవలెను.
- తెల్లవారునపుడు, సాయంసంధ్యలో కొంగలు, నీటికాకులు గుంపులుగా మేతకు పోవుట, చెట్లకు చేరుట జరుగును. ఆ సమయములలో వాటి దారిలో ఎగురవేయరాదు.

ఎగురవేయునపుడు
- పక్షుల పైకి నేరుగా పోనీయరాదు. వాటి మీదికి దించరాదు. ఒకే ఎత్తులో, నిదానముగా, ప్రక్కగా సాగవలెను.
- ఎగిరే పక్షిని వెంబడించరాదు. చిత్రము బాగుండవచ్చును గాని, మేతకు దాచుకొన్న శక్తి ఆ పరుగులో ఖర్చగును. దూరదేశముల నుండి వలస వచ్చిన పక్షులకు ఇది మరింత నష్టము.
- డ్రోన్ ఎల్లపుడు కంటికి కనబడుచుండవలెను. తెరను మాత్రమే చూచువారికి ప్రక్క నుండి వచ్చే గద్ద కనబడదు. ఇంకొకరు తోడుండి ఆకాశమును గమనించుట మంచిది.
- దగ్గరి చిత్రము కావలసినచో దూరపు కటకము వాడవలెను. డ్రోన్‌ను దగ్గరకు తీసికొనిపోరాదు.

ఆపవలసిన గుర్తులు

పక్షి బెదురు మెట్లు మెట్లుగా కనబడును. మొదట మేత మానును. తల ఎత్తి, మెడ నిటారుగా నిలిపి చూచును. తరువాత హెచ్చరిక కూత పెట్టును. గుంపులోని పక్షులు ఒకదాని దగ్గరకు ఒకటి జరుగును. పొదిగే పక్షి గూటిలో లేచి నిలబడును. చివరకు రెక్కలు విప్పి ఎగురును. మొదటి గుర్తు కనబడినపుడే డ్రోన్‌ను ఆపి, వచ్చిన దారిన దూరముగా తీసికొనిపోవలెను. చివరి గుర్తు వరకు వేచి ఉన్నచో జరుగవలసిన నష్టము జరిగిపోయినట్లే.

గద్ద దాడి చేసినపుడు

గద్ద డ్రోన్ చుట్టూ తిరుగుట మొదలు పెట్టినచో అది దాడికి సిద్ధమగుచున్నదని గ్రహించవలెను. డ్రోన్ రెక్కలు నిమిషమునకు వేల చుట్లు తిరుగును. అవి తగిలిన గద్ద కాలివ్రేళ్ళు, రెక్కల ఈకలు తెగిపోవచ్చును. కాలు దెబ్బతిన్న గద్ద వేటాడలేదు. డ్రోన్‌తో దానిని బెదరించుటకు గాని, ఆటపట్టించుటకు గాని ప్రయత్నించరాదు. గూడున్న దిక్కునకు ఎదురు దిక్కుగా డ్రోన్‌ను తప్పించి, వీలైనంత త్వరగా దించివేయవలెను. పై నుండి దూకే పక్షి అంత వేగముగా నిలువున పైకి లేవలేదు గనుక, అనుమతించిన ఎత్తు దాటకుండ కొంత పైకి లేపి తప్పించుట కొందరు అనుసరించే పద్ధతి. ఆ రోజునకు ఆ చోట మరల ఎగురవేయరాదు.

డ్రోన్ కూలినపుడు

గూళ్ళ గుంపులో డ్రోన్ పడినచో దాని కొరకు తొందరపడి చెరువులోనికి గాని, చెట్ల పైకి గాని వెళ్ళరాదు. డ్రోన్ వలన లేచిన పక్షులు మనిషిని చూచి మరింత సేపు గూళ్ళకు రావు. పక్షులు తిరిగి గూళ్ళకు చేరే వరకు దూరముగా ఉండి, అటవీ శాఖ సిబ్బందికి తెలియజేయవలెను. లిథియం బ్యాటరీ పగిలినచో నిప్పంటుకొను ప్రమాదము కలదు. ఎండిన తుంగ, జమ్ము ఉన్న చోట ఈ విషయమును వెంటనే చెప్పుట అవసరము. గాయపడిన పక్షి కనబడినచో గాలి తగిలే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నీరు నోటిలో పోయకుండ, అటవీ శాఖకు గాని పశువైద్యునికి గాని అప్పగించవలెను.

విద్యార్థులకు

పాఠశాలలలో, కళాశాలలలో డ్రోన్ తయారుచేసి ఎగురవేసే విద్యార్థులు తమ ఊరి పక్షుల గూళ్ళ పట్టిక ఒకటి వ్రాసికొనుట ఉపయోగకరము. ఏ చెట్టుపై ఏ పక్షి, ఏ నెలలో గూడు పెట్టినది, ఎప్పుడు పిల్లలు ఎగిరినవి అను నాలుగు గడులు చాలును. దీనికి డ్రోన్ అవసరము లేదు. నోటు పుస్తకము, ఓపిక ఉన్న చాలును. రెండు మూడు సంవత్సరములు వ్రాసిన పట్టిక ఉన్నచో, ఏ స్థలములో ఏ కాలమున ఎగురవేయరాదో దానిని బట్టియే తెలియును. పటములోని రంగులు చెప్పలేని సంగతిని ఆ పట్టిక చెప్పగలదు.

ఇవి కూడా చూడండి

- తిరువూరు
- కొల్లేరు సరస్సు
- ఉప్పలపాడు
- నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం
- తేలినీలాపురం
- వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972